ఎర్ర రబ్బరు బ్యాండు

ఆగండాగండి! చేతిలో ఏ పనున్నా సరే, రెండు నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి.

పరుగుల క్లబ్బు కెప్టెన్ తన కుడి మణికట్టు చూసుకుంది. ఎడమదీ చూసుకుంది. రెండూ బోసిగానే ఉన్నాయి.

"సార్, నా చేతికి బ్యాండు లేదు."

అది వేదిక వెనక సామాన్ల గది. మడత కుర్చీలు, నీళ్ళ క్యాను, ఊచల కిటికీ, అంతే. బయట మైకు గొంతు చించుకుంటోంది. "రికార్డు! మహిళల ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగులో సరికొత్త రికార్డు!"

కోచ్ మొహంలో నవ్వు టక్కున ఆరిపోయింది. పంప్‌హౌస్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన ప్రతి ఒక్కరి చేతికీ అక్కడ కూర్చున్న అమ్మాయి ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తుంది. అది లేదంటే అక్కడిదాకా వెళ్ళలేదనే లెక్క.

"ఎక్కడో జారిపోయుంటుందిలే."

"జారిపోలేదు సార్. అసలు పంప్‌హౌసే చూళ్ళేదు నేను. నాలుగు రోడ్ల దగ్గర ఎడమకి తిరగాలా? రోజూ ప్రాక్టీసులో కుడికే కదా తిరుగుతాం! కాళ్ళు వాటంతటవే కుడికి, ఆ దగ్గర దారికే తిరిగిపోయాయి. రికార్డు, రికార్డు అని వాళ్ళు అరుస్తుంటే ఇప్పుడు వెలిగింది నాకు."

కోచ్ తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా మాట్లాడు! ముగింపు గీత దగ్గర బ్యాండు చూడాల్సినాయన చూళ్ళేదా?"

"ఆయన నాతో సెల్ఫీ దిగే హడావుడిలో ఉన్నాడు సార్."

"మంచిదైంది. ఇవాళ్టి మొదటి ముగ్గురికే జాతీయ శిబిరంలో చోటు. ఇది పోయిందంటే మళ్ళీ రెండేళ్ళదాకా ఎంపికలుండవు. గుర్తుందా?"

"గుర్తుంది. కానీ ఇది మోసం కదా సార్?"

"పొరపాటుకి మోసమని పేరు పెట్టకు తల్లీ," అంటూనే కోచ్ తన ఫైలుకున్న ఎర్ర రబ్బరు బ్యాండు పీకి ఆమె చేతికి తొడిగేశాడు. అది మణికట్టు మీద చురుక్కుమంది.

అంతలో తలుపు సందులోంచి నిర్వాహకురాలు తల దూర్చింది. "ఐదు నిమిషాల్లో పిలుస్తాం. కెప్టెన్‌గారూ, మీరు మైకులో రెండు ముక్కలు మాట్లాడాలి. ఆటల్లో నిజాయితీ గురించి చెప్పండి, ముఖ్య అతిథిగారికి ఆ టాపిక్ అంటే ప్రాణం!"

ఆవిడ అలా వెళ్ళగానే, రెండో స్థానంలో వచ్చిన నిచ్చెన, మూడో స్థానంలో వచ్చిన గోళీ లోపలికొచ్చారు. ఒకతె అంత పొడుగు, ఇంకొకతె అంత పొట్టి కాబట్టే ఆ పేర్లు. నిచ్చెన చేతికి ఎర్ర బ్యాండు నిగనిగలాడుతోంది.

కెప్టెన్ ఇక ఆగలేకపోయింది. "ఒసేయ్ నిచ్చెనా, ఫస్ట్ నువ్వేనే. నేను తప్పు దారిలో వచ్చాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

నిచ్చెన తలుపుకి అడ్డంగా నిలబడింది. "కూర్చోవే బాబూ! చెప్తే నేనూ పోతాను."

"నీ చేతికి బ్యాండుంది కదే!"

"నా జుట్టు చూడు."

పొద్దున బిగించి వేసుకున్న జడ ఇప్పుడు వీపంతా విరబోసుకుని ఉంది.

"ఇది జడది. దారంతా నేను నీ వీపు తప్ప ఇంకేం చూళ్ళేదు. నువ్వు కుడికి తిరిగావు, నేనూ తిరిగాను. నా వెనక ఇది, దీని వెనక మిగతా మందంతా."

"నాకు జడ కూడా లేదు," అంది గోళీ ఏడుపు గొంతుతో. "సార్, మీ ఫైలుకి ఇంకోటుందా?"

కెప్టెన్ కుర్చీలో కూలబడింది. నలభై మంది! నోరు తెరిస్తే పోటీ రద్దు, నలభై మంది కష్టం బూడిదపాలు. తెరవకపోతే ఆ మైకు ముందు నిలబడి నిజాయితీ గురించి మాట్లాడాలి. కిటికీ ఊచలు ఇంకాస్త దగ్గరకి జరిగినట్టనిపించింది.

కోచ్ మాత్రం ఒక్కసారిగా తేలికపడిపోయాడు. "ఇంకేం మరి! అందరూ ఒకే దారిలో వచ్చారు, ఒకే దూరం పరిగెత్తారు. ముందొచ్చినవాళ్ళు ముందే, వెనకొచ్చినవాళ్ళు వెనకే. పంప్‌హౌస్ పిల్లకి నేను సర్దిచెప్తాను. ఇందులో ఎవరికి అన్యాయం జరిగిందో చెప్పు? ఒక్కరంటే ఒక్కర్ని చూపించు!"

కెప్టెన్ మనసులోనే నలభై మందినీ వెతికింది. ఒక్కరూ దొరకలేదు. అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

బయట ఈలలు, నవ్వులు. "పాసింజరొచ్చిందోయ్!"

పాసింజర్ అంటే వాళ్ళ క్లబ్బులో అందరికంటే పెద్దావిడ. బట్టలు కుడుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. ప్రతి స్టేషన్లోనూ ఆగే రైలులా నిదానంగా పరిగెడుతుందని ఆ పేరు. రొప్పుకుంటూ నీళ్ళ కోసం లోపలికొచ్చి, ముందు కెప్టెన్‌ని వాటేసుకుంది.

"ఫస్టంట కదా చెల్లీ! నేనప్పుడే అనుకున్నాను!"

"నీకు మరీ ఇంత లేటైందేంటక్కా?"

"ఏం చెయ్యను? మొదటి రెండు కిలోమీటర్లలోనే మీరంతా మాయమైపోయారు. ఎవరి వెనకాల పోవాలో తెలీక, రోడ్డు మీద సుద్దతో గీసిన బాణాలు చూసుకుంటూ వచ్చాను."

గ్లాసు అందుకుంటున్న ఆమె చేతికి ఎర్ర రబ్బరు బ్యాండుంది.

"అన్నట్టు చెల్లీ, పంప్‌హౌస్ దగ్గర కూర్చున్న పిల్ల నన్ను చూసి ఎగిరి గంతేసి, 'అక్కా, నువ్వే ఫస్ట్!' అంది. పెట్టె నిండా బ్యాండ్లు అలాగే ఉన్నాయి మరి. నన్ను ఆటపట్టించింది కదూ?"

అప్పుడే బయట చప్పట్లు మొదలయ్యాయి. కెప్టెన్ రావాలి, కెప్టెన్ మాట్లాడాలి.

ఇదిగో, మైకు మీ చేతికే ఇస్తున్నాను. మీరైతే ఏం చెబుతారు?