ఎనిమిది గంటల రెస్టు

"లేపను. రెస్టులో ఉంది," అన్నాడు జగన్నాథం ఫోన్లో, ఖండితంగా.

అవతల రాయ్‌పూర్ నుంచి ఓ మగగొంతు హిందీలో బతిమాలింది. అందరూ వచ్చేశారట, మేడం ఒక్కరే రావాలట. రేపన్న మీటింగు ఈరోజు నాలుగింటికి మారిందట. బండి ఇంటికే పంపిస్తారట, ఒక్కసారి లేపితే చాలట.

"మార్చుకున్నది మీరు. దానికి మా అమ్మాయి నిద్ర ఎందుకు కొయ్యాలి? పొద్దున్న ఏడింటికి వచ్చి పడుకుంది. ఎనిమిది గంటల రెస్టు. మూడు దాటాక చెయ్యండి," అని తనూ హిందీలోనే చెప్పి పెట్టేశాడు.

ఆ ఇంటి రూలు వాళ్ళ రైల్వే కాలనీ తార్‌బహార్‌లో అందరికీ తెలిసిందే. ముప్పై ఏడేళ్ళు ఇంజన్లు నడిపి రిటైరైన జగన్నాథానికి, డ్యూటీ దిగి పడుకున్న మనిషిని లేపడం అంటే నేరం చేసినట్టే. పొద్దుటి నుంచి గేటు దగ్గరికి ఎవరొచ్చినా పెదాల మీద వేలు పెట్టి వెనక్కి పంపించేశాడు. కుక్కరు కూత పెడుతుందని భార్య చిన్నమ్మి చేత పప్పు గిన్నెలోనే వండించాడు. టీవీ సౌండు పూర్తిగా తీసేశాడు.

పక్కింటి సింహాచలం ఆ మూగ టీవీనే కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"కొత్త ముఖ్యమంత్రి ఎవరో తేలిపోద్దంటన్నారు జగన్నాథం. ఢిల్లీ నుంచి పెద్దోళ్ళు దిగినారు. కవర్లో ఒక పేరు తెచ్చినారంట. ఆల్లు చదవడం, ఈల్లు చప్పట్లు కొట్టడం, అంతే. అదిగో, 'మూడు కోట్ల మందిని నడిపేదెవరు' అని రాస్తన్నాడు."

"ఎవరు నడిపితే నాకేటి? కునుకు తియ్యకుండా నడిపితే చాలు," అన్నాడు జగన్నాథం.

ఫోను మళ్ళీ మోగింది. అదే గొంతు, అదే బతిమాలడం. అదే జవాబు. చిన్నమ్మి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏటండీ మీ పంతం? ఎండనక వాననక ఇన్నాళ్ళు తిరిగింది పిల్ల. పిలిచినప్పుడు ఎల్లకపోతే మళ్ళీ పిలుత్తారేటి? ఇంకెవరినో కూర్చోబెట్టీగలరు. అప్పుడు అది మీ మొహం చూడదు."

ఆ మాట గట్టిగానే తగిలింది. జగన్నాథం లేచి గది తలుపు ఓరగా తీశాడు.

రాజశ్రీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఇరవై రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. ఊరూరా తిరిగి పాదాలు వాచిపోయాయి, మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. పొద్దున్న ఇడ్లీ ముక్క చేతిలో ఉండగానే తూలిపోయింది. నలభై ఏళ్ళు దాటినా నిద్రలో పదేళ్ళ పిల్లలాగే కనిపించింది తండ్రికి.

ఆ పదేళ్ళప్పుడు, తను డ్యూటీకి బయల్దేరితే గుమ్మానికి అడ్డంగా నిలబడేది. "ఎంతమంది నాన్నా?" అని అడిగేది. లెక్క చెబితేగాని దారి ఇచ్చేది కాదు. "పన్నెండొందల మందే తల్లీ. అందరూ నన్ను నమ్ముకునే పడుకుంటారు," అనేవాడు. ఇప్పుడు అడ్డంగా నిలబడి అడగడం అతని వంతు. ఆమె కూడా ఇంతవరకూ వేలల్లోనే చెబుతూ వచ్చింది.

లేపేద్దామని చెయ్యి చాచాడు. శంకరరావు గుర్తొచ్చాడు.

శంకరరావు ఒకప్పుడు అతని ఇంజన్లో అసిస్టెంటు. ఓ సాయంత్రం, నాలుగు గంటలైనా పడుకోకముందే, "లేపమ్మా, నేను చూసుకుంటాను కదా," అని అతని భార్యని ఒప్పించి అతన్ని తీసుకెళ్ళింది జగన్నాథమే. యార్డులో కునికిపాట్లు పడుతూ ఇంజను మెట్ల మీంచి జారిపోయాడు శంకరరావు. మళ్ళీ లేవలేదు. ఆ ఇల్లాలు జగన్నాథాన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

ఒంటిగంటన్నరకి మూడోసారి మోగింది. ఈసారి గొంతు వేరు. ఎవరో పెద్దావిడ, నిదానంగా మాట్లాడుతోంది.

"మీరు ఇంజను నడిపేవారట కదా. ఎందుకు లేపనంటున్నారో నాకు చెప్పండి భాయ్‌సాబ్."

చెప్పాడు. శంకరరావు సంగతి కూడా చెప్పాడు. ఇన్నేళ్ళలో పరాయి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ అవతల ఎవరితోనో ఏదో మాట్లాడింది. ఆ తర్వాత, "పడుకోనివ్వండి. మేం ఆరింటికి పెట్టుకుంటాం. ఆవిడ వచ్చాకే మొదలు," అందావిడ.

జగన్నాథం ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"రెస్టు కోసం బండి ఆపినోళ్ళని నా సర్వీసు మొత్తం మీద చూడనేదు సింహాచలం," అన్నాడు. చిన్నమ్మి టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

మూడు కొట్టిన కాసేపటికి రాజశ్రీ తనంతట తనే లేచి, జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"మూడుసార్లు ఫోన్లు చేసినారు. నేను లేపనేదు. కోపమొచ్చిందేటి?" అన్నాడు తండ్రి, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"అచ్ఛా? ఎన్నాళ్ళకో నిద్రపోయాను నాన్నా. కోపమెందుకు?" అంటూ ఆ నంబరుకి ఫోను చేసింది.

నిలబడే వింది. "జీ," అంది. మళ్ళీ "జీ," అంది. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

గేటు ముందు కారు ఆగింది. చిన్నమ్మి టిఫిన్ కారేజీ మూత నొక్కి అందించింది. రాజశ్రీ ముతక చీర కట్టుకుని, మొహం కడుక్కుని, చెప్పులేసుకుంది. జగన్నాథం ఎప్పటిలాగే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎంతమందే తల్లీ?"

ఆమె ఇంకా అదే ప్రశ్న వేస్తున్న మూగ టీవీ వైపు చూసి, తండ్రి వైపు తిరిగింది.

"మూడు కోట్ల మంది, నాన్నా."