నీలం చొక్కా మనిషి

“చుక్క ఎక్కువ పడింది,” అంది పరీక్షాధికారిణి.

అమ్మాయి నాలుక్కరుచుకుని సీసా కింద పెట్టింది. అందులో ఉన్నది రంగునీళ్లే. కాళ్లు ఊగే ఆ పాత బల్లనే బారు కౌంటరు అనుకోవాలి. లైసెన్సుల ఆఫీసు వారి ఊహాశక్తి అంతవరకే.

“రాతపరీక్షలో యాభైకి నలభై ఎనిమిది. బాగానే చదివావు. దుకాణానికి లైసెన్సుంటే చాలదా? పోసే మనిషికి మళ్లీ వేరేగా ఎందుకు?”

“మందు అమ్మొచ్చని దుకాణం లైసెన్సు చెప్తుంది మేడమ్. ఎవరికి పోయకూడదో నాకు తెలుసని ఇది చెప్తుంది.”

“బట్టీయా?”

“సగం బట్టీ, సగం నాది.”

అధికారిణికి నవ్వొచ్చింది. దరఖాస్తు తిరగేసింది. “హోటలు మీ అమ్మ పేరు మీద ఉందే. ఆవిడే రాయొచ్చుగా?”

“అమ్మ ఆ గ్లాసులు ముట్టుకోదు మేడమ్.”

ఆరు బల్లల హోటలు అది. వేరే ఊళ్లో పాసైన మనుషుల్ని పెట్టుకుని అటూ ఇటూ ఉన్న హోటళ్లు బారు అనుమతి తెచ్చుకున్నాక సాయంత్రాలు వీళ్ల బల్లల మీద ఈగలు తప్ప ఎవరూ వాలడం లేదు. నెలాఖరులోగా లైసెన్సున్న మనిషిని చూపించకపోతే వీళ్ల దరఖాస్తు రద్దు. మళ్లీ పరీక్ష ఆరు నెలలకి గానీ లేదు. అప్పటిదాకా హోటలు నిలవదని తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు.

“సరే, ఆఖరి ప్రశ్న. నేను కస్టమర్ని,” అంది అధికారిణి.

ఆ మాట వినగానే గుమ్మం దగ్గరున్న అటెండరు బయటికి జారుకున్నాడు. పొద్దున అమ్మాయికి చెప్పనే చెప్పాడు: “నీలం చొక్కాయన్ని దాటితే గట్టెక్కినట్టేనమ్మా. ఇప్పటిదాకా ఎవరూ దాటలా. ఆయనొస్తే నేను మాత్రం గదిలో ఉండను బాబూ. పూనినట్టే ఉంటుంది.”

అధికారిణి కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. “నీలం చొక్కా. నలభై ఏళ్లు,” అంటూనే ఆమె భుజాలు జారిపోయాయి. కళ్లు సగం మూతపడ్డాయి. వేలి ఉంగరంతో గ్లాసు మీద మూడుసార్లు కొట్టింది.

టక్. టక్. టక్.

బల్ల తుడుస్తున్న అమ్మాయి చెయ్యి ఆగిపోయింది.

“ఏం తల్లీ, ఇంకోటి పొయ్యి. చిన్నదే.” గొంతు బరువుగా, ముద్దగా ఉంది. అది ఆడమనిషి గొంతులా లేదు.

“ఇప్పటికే ఎక్కువైంది సార్. మంచినీళ్లిస్తాను.”

“రెండేగా. రెండూ నువ్వేగా పోశావు.”

“మూడోది పోయను. తాళాలివ్వండి, టాక్సీ పిలుస్తాను.”

“వంతెన దాటితే ఇల్లు. కళ్లు మూసుకుని పోతా.” అని నవ్వాడతను. అవును, ఆ నవ్వు మగవాడిదే.

అందరూ ఇక్కడే చతికిలపడేవారు. కొందరు తాళాలు లాక్కోబోయారు, కొందరు పోలీసులన్నారు, కొందరు చట్టం చదివారు. నీలం చొక్కా దగ్గర అన్నిటికీ జవాబుంది. జోకులేస్తాడు, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, తల్లీ అంటాడు. చివరికి పోసేస్తారు.

ఆఫీసులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ మనిషి కల్పన కాడు. పదిహేనేళ్ల క్రితం ఒక సాయంత్రం అధికారిణే ఇలాంటి కౌంటరు వెనక నిలబడి, తల్లీ అన్నాడని కరిగిపోయి అతనికి మూడోది పోసింది. అతను వంతెన దాటలేదు. యజమాని కేసు తన మీద వేసుకున్నాడు. ఆమె మర్నాడే ఊరు వదిలేసింది. ఈ కుర్చీలోకి వచ్చినప్పటినుంచీ వచ్చిన ప్రతివాళ్ల ముందూ అతన్ని కూర్చోబెడుతోంది. పాపం, ఆమెకి కావలసింది ఫెయిల్ చెయ్యడం కాదు. ఒక్కరైనా అతన్ని ఆపాలి.

అమ్మాయి వాదించలేదు. గుడ్డ పక్కన పెట్టి, బల్ల చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి నడిచింది.

“ఎక్కడికి తల్లీ?”

“మీ కారు దగ్గరికి.”

“కారులో ఏముంది?”

“ఆరేళ్ల పాప. ఆకలేసి హారన్ కొడుతోంది. పాటల హోరులో ఇక్కడెవరికీ వినపడట్లేదు. తీసుకొచ్చి మీ పక్కనే కూర్చోబెడతాను సార్. అప్పుడు అడగండి మూడోది.”

అధికారిణి మొహంలోంచి ఆ మనిషి దిగిపోయాడు.

హారన్ మోగింది ఆ సాయంత్రం. ఆగి ఆగి, చాలాసేపు మోగింది. ఎవరిదో బండి అడ్డంగా ఉందనుకుని, విసుక్కుంటూ ఆమే పాట సౌండు పెంచింది. ఆ సంగతి పోలీసులకి చెప్పలేదు, యజమానికి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు.

కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకర్లు పోయాయి.

“హారన్ సంగతి నీకెవరు చెప్పారు?” అని అడిగింది, కాగితం చేతిలోంచి వదలకుండానే. “కారులో అతనొక్కడే. పేపర్లో కూడా అలాగే వచ్చింది.”

“పోయింది ఒక్కరే అని వచ్చింది మేడమ్.”

అమ్మాయి కాగితం అందుకుని, తడి ఆరేదాకా పట్టుకుని, జాగ్రత్తగా మడిచింది. అప్పుడు తలెత్తి చూసింది.

“వెనక సీట్లో నేనున్నాను.”