లలితమ్మ కణాలు

"నవంబరు ఇరవై ఆరు. ఆ పొద్దున మా లలితమ్మ ఉగ్గాని తినింది. డాక్టరు వద్దన్నా నా ప్లేటులోంచి మిరపకాయ బజ్జీ సగం తుంచుకునింది. ఆ తర్వాతే వచ్చి నీకు రక్తం ఇచ్చింది," అన్నాడు రామలింగయ్య, మైక్రోస్కోపు ముందు కూర్చుంటూ.

"బజ్జీ సంగతి అప్పుడే చెప్పింటే నమూనా వద్దనేదాన్ని సార్," అంది ఆ ల్యాబ్‌లో పరిశోధన చేసే జ్యోతిలక్ష్మి.

"అందుకే చెప్పలేదు."

ఆయన గొంతులో నవ్వూ లేదు, దుఃఖమూ లేదు. జనవరిలో భార్య లలితమ్మ పోయినప్పటి నుంచి ఆ గొంతు అలాగే ఉంది. పేగుల్లో మంట ఆమెను కొన్నేళ్లపాటు తిని, చివరికి తీసుకుపోయింది. పరిశోధనకని ఆమె ఇచ్చిన రక్తంలోని కణాలు మాత్రం అనంతపురంలోని ఈ ల్యాబ్‌లో, అతిచల్లని ద్రవ నైట్రోజన్ డబ్బాలో గడ్డకట్టి మిగిలాయి. ప్రతి గురువారం సాయంత్రం ఆయన గార్లదిన్నె నుంచి బస్సులో వచ్చేవాడు. జ్యోతిలక్ష్మి కొన్ని కణాలను లేపి, రంగు వేసి, స్లైడు మీద చూపించేది. కాసేపు చూసి వెళ్లిపోయేవాడు. వారం మొత్తంలో ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకునేది ఆ ఒక్క రోజే.

పక్క బల్ల దగ్గర అనిల్ కుమార్ మోచేతి మడతలో దూది అదుముకుని కూర్చున్నాడు. ప్రయోగాలకు ఆ ల్యాబ్‌లో పరిశోధన చేసే పిల్లలు తమ రక్తం తామే ఇచ్చుకోవడం మామూలే. కాలేజీలో అతనికి జువాలజీ చెప్పింది రామలింగయ్యే.

"ఏమప్పా, నీకూ డాక్టరేటు ఇస్తామంటాండారా?"

"మీరు ప్రాక్టికల్స్‌లో ఫెయిల్ చేసినారు కదా సార్, ఆ కసితోనే చదివినా."

"మనిషి రక్తం చూపిస్తే కప్పది అంటివి. కప్పదా మనిషిదా, ఆడదా మగదా, స్లైడు చూసి చెప్పలేనోడికి మార్కులు యాడ నుంచి తెచ్చేదప్పా?"

అనిల్ నవ్వబోయి ఆగి, టీకని బయటికి పోయాడు.

రామలింగయ్య కన్ను మైక్రోస్కోపుకు ఆనించాడు. "ఈ వారం చల్లబడినాయా?"

"చల్లబడినాయి సార్."

"ఎట్లనో మళ్లా చెప్పు."

ఎన్నిసార్లు విన్నా ఆయన అడిగేవాడు. ఎన్నిసార్లు అడిగినా ఆమె చెప్పేది.

"సూక్ష్మజీవి తగిలితే ఈ కణం మంట రాజేస్తాది సార్. ఆ మంట పెట్టిన కణమే కాసేపటికి దాన్ని ఆర్పే పదార్థం కూడా చేయాల. ఐఎల్-టెన్ అంటాం. దాని జీను మామూలుగా గట్టిగా చుట్టుకోని, మూసుకోని ఉంటాది. మంట కబురు లోపలికి పోతేనే ఆ చుట్టు వదులవుతాది. కొన్ని ప్రొటీన్లు పోయి ఆడ కూర్చుంటాయి. అప్పుడు జీను పని మొదలుపెడతాది. మరీ ముందే తెరుచుకుంటే రోగం గెలుస్తాది. తెరుచుకోకుంటే మంట ఆగదు."

"మా లలితమ్మ అట్లనే. ముందు తిట్టేది. తిట్టి, తానే మజ్జిగ తెచ్చిచ్చేది."

"తిట్లు ఎక్కువా, మజ్జిగ ఎక్కువా సార్?"

"మజ్జిగలో ఉప్పు ఎక్కువ."

చలికాలమంతా లలితమ్మ కణాల్లో ఆ జీను తెరుచుకోలేదు. జ్యోతిలక్ష్మి ఎన్ని విధాల కదిపినా మంట మండుతూనే ఉండేది. మే నెలలో పశువుల ఆసుపత్రి జీపు చెడిపోయింది. ఆవులకు చూలు కట్టించే సూదుల కోసం ఆ జీపు తెచ్చే నైట్రోజన్‌లోంచే ల్యాబ్‌వాళ్లు కూడా కొంత పోయించుకునేవారు. ఆ ఎండల్లో డబ్బా ఎండిపోయింది. నమూనాలు చాలావరకు పాడయ్యాయి. లలితమ్మవి అడుగున ఉండి బతికాయని జ్యోతిలక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత నుంచి జీను చక్కగా తెరుచుకుంటోంది. కొత్త మందు కలిపామంది. రామలింగయ్య తలూపి, మళ్లీ మైక్రోస్కోపులోకి చూశాడు.

బల్ల మీద ఫోన్ మోగింది. కదిరి నుంచి జ్యోతిలక్ష్మి తల్లి. గొంతు గదంతా వినిపించింది.

"బెంగళూరికి ఎప్పుడు పోతావే? సోమవారం చేరకుంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారంట కదా! నీకేమన్నా బుద్ధుండాదా?"

"చూస్తాలే మా." ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఉద్యోగమొచ్చిందని చెప్పలేదే?"

"ఇంకొంచెం గడువు అడుగుతా సార్."

"ఎందుకు?"

"నేను పోతే గురువారం మీకెవరు చూపిస్తారు?"

రామలింగయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఇంకా ఎంత మిగిలుండాది?"

"ఒక్క సీసా సార్."

"పారెయ్."

"సార్! అమ్మవి సార్..."

"చల్లబడినాయని నువ్వే చెప్తివి కదా. చల్లబడినదాన్ని ఇంకెన్నిసార్లు లేపుతావు? నువ్వు బెంగళూరికి పో."

జ్యోతిలక్ష్మి ఆయన వైపు తిరిగింది. "మీకొక మాట చెప్పాల సార్. చానా దినాల నుంచి..."

"బస్సుకు టైమవుతాంది తల్లీ. నువ్వు పారేసేది చూసి పోతా."

ఆమె డబ్బాలోంచి సీసా తీసింది. కరిగేదాకా అరచేతిలో పట్టుకుంది. ఆయన తొందరపెట్టలేదు. సింకు దగ్గర బ్లీచింగ్ నీళ్లలో ఒంపింది. చూడడానికేమీ లేదు. నీళ్లలో నీళ్లు కలిసినట్టు కలిసిపోయాయి. ఆమె సింకు అంచు పట్టుకుని ఏడ్చింది.

రామలింగయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "నాకు ఇన్నాళ్లూ గురువారం ఒకటి ఇస్తివి. చాలు."

ఆమె కూర్చోవడానికి కుర్చీ జరిపాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. మైక్రోస్కోపు దీపం తీసేసి, దాని మీద గుడ్డ కప్పాడు. బయటికి వచ్చి, ఇక ఆ రోజుకు ఎవరూ రాకుండా తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

ఆమె చూపిస్తున్నవి మగమనిషి కణాలని ఆయన మే నెలలోనే గుర్తుపట్టాడు.