తహీర్‌కు తగిన బొమ్మ

'ఫోను మాన్పించే బొమ్మలు ఇచ్చట దొరకును' అన్న బోర్డు చూసి, జమాల్‌బీ నాయుడుపేట హైవే పక్కన బండి ఆపించింది. చీరకొంగు తలమీదికి లాక్కుని గబగబా మెట్లెక్కింది.

"ఆ బోర్డు నిజమేనా పాపా?"

కౌంటర్ వెనక ఉన్న లిల్లీ ఆ కొట్లో ఈమధ్యే చేరింది. పిల్లల ఎదుగుదల గురించి కంపెనీవాళ్ళు ఆమెకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. అప్పటినుంచి ఏ బిడ్డను చూసినా ఆమెకు ఏదో ఒక లోపం కనిపిస్తోంది.

"నూటికి నూరుపాళ్ళు నిజమమ్మా. బాబా, పాపా?"

"మగబిడ్డే. తహీర్ అని."

"వయసెంత? వయసును బట్టే బొమ్మ. అరలన్నీ అట్లే సర్దినాం. పై అర పెద్దపిల్లోళ్ళకి. కిందికి వచ్చేకొద్దీ చిన్నబిడ్డలకి."

"వయసు చెప్తే నవ్వతావు. చేసే పనులు చెప్తా. ఏ అర బొమ్మో నువ్వే చెప్పు."

లిల్లీకి విషయం అర్థమైపోయింది. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డ. ఇంట్లోవాళ్ళు సిగ్గుపడి దాస్తారని శిక్షణలో చెప్పారు. ఆమె గొంతులో జాలి చేరింది.

"సిగ్గేముందిలేమ్మా. కొందరు బిడ్డలు నిదానంగా ఎదుగుతారు. మాటలొచ్చినాయా?"

"వచ్చినాయి. మళ్ళీ పొయినాయి. ఇప్పుడు ఏమడిగినా 'ఊ' అంటాడు. అంతే."

లిల్లీ పై అర వదిలేసి రెండో అర దగ్గరికి వచ్చింది.

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా?"

"పక్కింటోళ్ళు చూస్తారు. వాడు చూడడు."

"నడక?"

"నడుస్తాడు. ఎదురుగా గోడుందని చూసుకోడు. నుదుటి మీద బొప్పి ఇంకా తగ్గల్యా."

లిల్లీ వంగింది. మూడో అర.

"అన్నం?"

"ఎదురుగా ఫోను పెడితే నోరు తెరుస్తాడు. చేప ముద్దకీ మజ్జిగ ముద్దకీ తేడా తెలవదు."

"బాత్రూం అలవాటయిందా?"

"లోపలికి పంపేది సులువే. బయటికి రప్పించేదే కష్టం. తలుపు బాదాల."

శిక్షణలో ఇది చెప్పలేదు. లిల్లీ తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది.

"ఫోను లాక్కుంటే ఏం చేస్తాడు?"

"ఇల్లు పీకి పందిరేస్తాడు."

లిల్లీ నేల మీద చతికిలబడింది. అన్నిటికన్నా కింది అర. గిలక్కాయలు, నోట్లో పెట్టుకుని కొరికే రబ్బరు చేపలు.

జమాల్‌బీ కూడా పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించింది.

"మా కోడలు ఇర్ఫానా చానా ఓర్చుకునింది పాపా. ఇప్పుడు ఏడో నెల. పురిటికని కోవూరు పొయ్యింది. 'ఇద్దరు పసిబిడ్డల్ని సాకేది నావల్ల కాదత్తా, పురుడైనా తిరిగి రాను' అంటుండాది. ఫోను పక్కన పెట్టి, తన మొహం చూసి, ఒక్క మాట పలికితేనే వస్తాదంట. ఇప్పుడు అక్కడికే పోతుండాం. ఆడికి పొయ్యేలోపల ఏదో ఒకటి చెయ్యాల."

లిల్లీ ముక్కున వేలేసుకుంది. ఈ కాలం తల్లులు!

"అయితే మీ నెత్తిన పెట్టి పొయ్యిందా?"

"పోదా మరి? పెంచింది నేనే గదా."

ముసలామె మంచితనానికి లిల్లీ కళ్ళు చెమర్చాయి. కొట్టులోకెల్లా మంచి సరుకు తీసి చూపించింది.

"ఇది కొత్తగా వచ్చిందమ్మా. బ్రెయిన్ డెవలప్‌మెంట్‌కి. అచ్చం ఫోనులాగే ఉంటాది. నొక్కితే లైట్లు, పాటలు."

"ఫోను మాన్పించేదానికి ఫోనా? సారా మాన్పించేదానికి కల్లు పోసినట్టుండాది."

లిల్లీ చిన్నబోయి దాన్ని లోపలికి తోసింది. అర మూల చెయ్యి పెడితే దుమ్ముపట్టిన గుడ్డబంతి ఒకటి తగిలింది.

"ఇదొకటి ఉందిగానీ, దీనికి బ్యాటరీ లేదు. ఎవరూ కొనరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాల. ఒకరు దొర్లిస్తే ఇంకొకరు తిరిగి దొర్లించాల. తలెత్తి చూడకపోతే బంతి దొరకదు."

జమాల్‌బీ బంతిని రెండు చేతులతో అందుకుంది. దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇదే కావాల్సింది. ఇర్ఫానా ఎదురుగా కూర్చోబెడతా. అల్లా దయ తలిస్తే ఒక్కసారన్నా తలెత్తుతాడు."

లిల్లీ బంతిని సంచిలో వేసి ఇచ్చింది. గోడకు కట్టిన బెలూన్లలోంచి ఒక ఎర్రదాన్ని విప్పింది.

"మా కొట్లో కొన్న ప్రతి బిడ్డకీ బెలూను ఊరికే ఇస్తామమ్మా. బాబు రాలేదా?"

"వచ్చినాడు. బయట బండి మీద ఉండాడు. దిగమంటే దిగల్యా."

"తోడు ఎవరున్నారు?"

"ఫోనుండాది గదా. ఎక్కడికీ పోడులే."

బయట హైవే. లారీలు, రొయ్యల వ్యాన్లు ఆగకుండా పోతున్నాయి. లిల్లీ బెలూను పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

"తహీర్ బాబూ! కదలొద్దు నాన్నా, అక్క వస్తోంది!"

మెట్ల కింద ఆపిన బుల్లెట్ మీద, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని ఫోనులోకి వంగిపోయిన గుబురుగడ్డం మనిషి, తలెత్తకుండానే 'ఊ' అని, బెలూను కోసం చెయ్యి చాపాడు.