రాజమల్లు బొటనవేలు

హితేష్ ఎర్ర కారు మూల తిరిగి ఒక్కసారి గర్జించిందంటే, ముంబయి ఫాక్‌లాండ్ రోడ్ మీద కునికే పావురాలన్నీ గుంపుగా లేచి నాగ్‌పాడా దాకా పోయి గానీ వాలేవి కావు. అలాంటి కారు బానెట్ మీద కర్ర ఆనించి, ఆ ఆదివారం పొద్దున రాజమల్లు అడ్డంగా నిలబడ్డాడు.

"చంటిపిల్లలు నిద్రల ఉలిక్కిపడుతున్నరు. ఆ గొట్టం తీసేస్తవా, బండిని వేరే గల్లీల పెట్టుకుంటవా?"

"తాతా, జర ఇను. ఇంతకుముందు కంపెనీ బిగించిన గాలి డబ్బా ఉండె. ఇంజన్‌కు ముక్కు మూసినట్టే ఉండె. అది తీసి ఈ గొట్టం, ఈ ఫిల్టర్ పెట్టిన. ఇప్పుడు గాలి మంచిగ గుంజుతది. ఆవాజ్ మస్తుగొస్తది."

"గాలి గుంజితే గుంజనియ్యి. మేము గూడ గుంజుతున్నం. గిట్ల ఒర్రుతున్నమా?"

వరస గదుల ఆ పాత చాల్ గ్యాలరీల్లోంచి నవ్వులు రాలాయి. అవి తన పక్షానే పడ్డాయని రాజమల్లు మీసం సర్దుకున్నాడు.

పైకి చంటిపిల్లల నిద్ర గురించి అన్నాడు గానీ, అతని కడుపులో మంట వేరు. ఆ చాల్‌కు నల్లా తెల్లవారక ముందే వస్తుంది. కాసేపు పారి ఆగిపోతుంది. ఆ వేళకు గ్యాలరీ కటకటాల మీద కర్రతో టకటకమని కొట్టి అందరినీ లేపే పని రాజమల్లుది. అది ఒకరు ఇచ్చిన పని కాదు, ఒకరు లాక్కోగలిగే పనీ కాదు. గడియారం చూడడు. "నీళ్లు పైపుల పడంగనే నా కాలి బొటనవేలు చురుక్కుమంటది" అంటాడు. పక్క గల్లీకి చుట్టాలొస్తే ఆ వేలు చూపించడానికి తీసుకొచ్చేవారు.

అదే చాల్‌లో ఉండే హితేష్ హోటల్లో రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరేదీ సరిగ్గా నల్లా వేళకే. గొట్టం బిగించిన మర్నాడే పై అంతస్తు ప్రాజక్త బిందె నింపుకుంటూ, "ఏంది తాతా, ఇగ మమ్ములను కారే లేపుతది. మీ కర్రతోని బట్టలారేసుకోండ్రి" అంది. ఆ మాట ముల్లులా దిగింది. పైగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కారు అరవడం మొదలైనప్పటి నుంచి బొటనవేలు ఎందుకో మూగబోయింది.

"నా వేలు ఉండంగ ఈ చాల్‌కు కారెందుకు?" అన్నాడు రాజమల్లు, అందరికీ వినబడేలా.

హితేష్‌కు కారు పెట్టుకోవడానికి ఆ గల్లీ తప్ప జాగా లేదు. మూతి ముడుచుకుని పాత డబ్బానే బిగించాడు. మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని గొట్టాన్నీ, పుట్టగొడుగులాంటి ఆ ఫిల్టర్‌నీ రాజమల్లు జప్తు చేసి తన మంచం కిందికి తోశాడు.

మర్నాడు కారు పిల్లిలా వచ్చి నిలబడింది. రాజమల్లుకు మెలకువ వచ్చేసరికి ఎండ మొహం మీద ఉంది. తలుపు తీస్తే గ్యాలరీ నిండా ఖాళీ బిందెలు, వాటి వెనక ఆడవాళ్లు.

"తాతా, నల్లా ఏమాయె?" అంది ప్రాజక్త.

"ఇయ్యాల రాలే. వస్తే నా వేలుకు ఎరుక గాదా?"

ఎదురు చాల్‌లో అప్పుడే పిండి ఆరేసిన చీరలు టపటపా నీళ్లు కారుస్తున్నాయి. అందరూ వాటిని చూశారు. రాజమల్లు కూడా చూశాడు. చూసి, మెల్లగా తలుపు వేసుకున్నాడు.

లోపల భార్య భూదేవి చెంబులో మిగిలిన నీళ్లతో నిదానంగా చాయ్ పెడుతోంది.

"వేలు మోసం చేసిందే" అన్నాడు మంచం మీద కూలబడి. "వయసైపాయె. ఇగ చురుక్కుమనదేమో."

"అది ఎప్పుడు చురుక్కుమన్నది?" అంది భూదేవి వెనక్కి తిరక్కుండానే. "పెండ్లయినకాడికెల్లి నేనే గిచ్చుతున్న."

రాజమల్లు తన వేలిని చూసుకున్నాడు, భార్యను చూశాడు. "నువ్వా?"

"దోమ అనుకున్నవా? నీళ్ల చప్పుడు నాకు నిద్రలనే ఇనబడతది. నిన్ను లేపితే చాల్ లేస్తదని గిచ్చేదాన్ని. హితేష్ బండి ఒర్రుడు షురువైనంక నువ్వు దానికే ఉలిక్కిపడి లేస్తున్నవ్. నేను గూడ రెండు కునుకులు తీస్తున్న."

"మరి ఇయ్యాలెందుకు గిచ్చలే?"

"నలుగుర్ల అంటివి గద, నా వేలు ఉండంగ అని. వేలే లేపుతదని నిమ్మలంగ పండుకున్న."

రాజమల్లు చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాక నవ్వాపుకోలేకపోయాడు. వంగి మంచం కిందినుంచి గొట్టం లాగి, ఎవరి కంటా పడకుండా తువ్వాలలో చుట్టుకుని, హితేష్ తలుపు తట్టాడు.

"బిగించు."

"తాతా, మరి చాల్ వాళ్లు..."

"చాల్‌ను నేను చూసుకుంట. మూల తిరిగి మా కిటికీ కిందికొచ్చినంక ఒక్కసారి గట్టిగ తొక్కు. ఇంకో ముచ్చట. నువ్వు బతిమిలాడితే నేను ఒప్పుకున్న. యాదుంచుకో."

ఇప్పుడు రోజూ కారు గర్జిస్తుంది, కర్ర టకటకమంటుంది, బిందెలు నిండుతాయి, భూదేవి అటు తిరిగి పడుకుంటుంది. వేలికున్న పేరు వేలికే ఉంది.

ఇక ఆ పావురాల సంగతి నేను కలిపిందే. ముంబయి పావురాలు పెళ్లి బ్యాండుకే మెడ తిప్పవు, కారును లెక్కచేస్తాయా? ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచే ప్రాణి ఆ గల్లీలో ఒక్కటే. దానికి రెక్కలుండవు, చేతిలో కర్ర ఉంటుంది.