పక్కింటివాళ్ల ఎంపీ

"మా కొట్టు గోడకి మేకు దిగిందంటే నిచ్చెన లాగేస్తాను, బాలూ," అన్నాడు గోవిందరావు, వీధి పేరు బోర్డు పట్టుకుని నిచ్చెనెక్కిన కుర్రాడితో.

గుణుపురం బజారు వీధికి పక్కింటివాళ్ల తాతగారి పేరు పెడుతున్నారు. దేశానికి తొలి లోక్‌సభలో ఆయన సభ్యుడు. ఆయన మీద పోటీచేసి ఓడినవాడు గోవిందరావు తాత. అప్పట్నుంచీ వాళ్లకి పదవి, వీళ్లకి పెదవి విరుపు.

"కొట్టనీరా," అంది తొంభై దాటిన నాయనమ్మ చిన్నమ్మి. "అప్పుడు పోటీకి నిలబడ్డ మనిషికో ఓట్ల పెట్టి. నాను పక్కింటాయన పెట్టిలోనే యేసేను."

"సొంత మొగుడికి యెయ్యకుండానా? ఎందుకే?"

"మీ తాత ఢిల్లీ ఎలిపోతే నానేటి సేయాల? ఢిల్లీ నాకు సవితి."

"నీ వల్లే మనకి పేరు లేకుండా పోయింది."

"పేరు ఆలదే. కానీ పక్కింటామె మొగుడు పండక్కో పబ్బానికో కనిపించీవోడు. మీ తాత రోజూ మజ్జాన్నం ఇంటికొచ్చి నాతో కూకుని అన్నం తినీవోడు. ఆ యమ్మ గోడ మీంచి సూసి సూసి, కుళ్లిపోయి, నాతో మాటలు మానేసింది."

గోవిందరావు పక్కింటి గోడ వైపు చూసి, నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

"కొట్టు, బాలూ. మా కొట్టుకే కొట్టు," అన్నాడు. "పాపం, ఆలకి పేరైనా మిగల్నీ."