ముప్పావు కిలో సీసం

“దిగి మళ్ళీ ఎక్కు,” అన్నాడు తూకం అధికారి.

పక్కగదిలో కుట్టుమిషను తొక్కుతున్న ఆమె కాలు ఆగిపోయింది. గోడకు అవతల భర్త జీనూ, దాని దుప్పటీ చంకన పెట్టుకుని తూకం బల్ల దిగడం, మళ్ళీ ఎక్కడం వినిపించింది.

“ముప్పావు కిలో ఎక్కువుంది. అరకిలో దాకా అయితే చూసీచూడనట్టు పోనిచ్చేవాణ్ణి.”

“రెండ్రోజులుగా మంచినీళ్ళు కూడా చూసుకుని తాగుతున్నా సార్. పొద్దున ఇంట్లో సరిగ్గా ఉంది.”

“ఇంటి తూకంతో నాకేం పని? గుర్రం యజమానిని వేరే రౌతును వెతుక్కోమను.”

ఇంటి తూకంలో తప్పేం లేదు. తప్పంతా జీను కింద వేసే దుప్పటిలో ఉంది. దాని అంచులో సీసం బిళ్ళలు పెట్టి ఆమే కుట్టేసింది. చేతికి నల్లదారం దొరక్క, నిన్న కూతురి కుడికాలి బూటు కుట్టగా మిగిలిన ఎర్రదారం వాడింది. రౌతుల చొక్కాలూ గుర్రాల దుప్పట్లూ కుట్టడం పన్నెండేళ్ళుగా ఆమె పనే. ఆమె కుట్టు విప్పి చూడాలని ఎవరికీ తోచదు.

చేసింది తప్పేనని ఆమెకు తెలుసు. కానీ ఆయన మెడ ఎముక ఇప్పటికి రెండుసార్లు అతికింది. మూడోసారి దెబ్బ తగిలితే మంచం దిగడం ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఇవాళ్టి గుర్రమేమో పొగరుబోతు. దాని అసలు పేరు వేరే ఉంది గాని, నీటి కందకం దగ్గర ఇద్దరు రౌతులను విసిరికొట్టాక లాయంలో అందరూ అలాగే పిలుస్తున్నారు. “ఇదే చివరి పందెం, మాటిచ్చేశాను,” అన్నాడాయన. అలాంటి చివరి పందేలు ఆమె ఇప్పటికి నాలుగు చూసింది.

ఆ ఇంట్లో దూకే పిచ్చి ఇద్దరికి. తండ్రి గుర్రం మీద కంచెలు దూకితే, కూతురు తన కాళ్ళతోనే దూకుతుంది. రౌతు లైసెన్సు తీసుకుని మరీ తెల్లారగట్ల లాయం గుర్రాలను తిప్పి తెస్తుంది, ఆపైన తన అడ్డంకుల పరుగుకు పోతుంది. చెక్క అడ్డాలు, ప్రతి చుట్టులో ఒక నీటి గుంట. ఇంట్లో ఆ పిల్లని మిడత అంటారు. మిడత పందేలంటే తల్లికి బెంగ లేదు. పడితే మోకాలు చెక్కుకుంటుంది, లేదంటే తడి బూట్లతో ఇంటికొస్తుంది, అంతే. ఈ పొద్దున కూడా ఊరి అవతలి మైదానంలో పరుగుందని వెళ్ళింది.

పైకి పొంగుతున్న సంతోషం ఎవరి కంటా పడకుండా ఆమె మిషను గబగబా తొక్కింది. ఆ చప్పుడులో మైకు ఏం చెప్పిందో వినలేదు.

పందెం వేళకు ట్రాకు పక్క కడ్డీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. భర్త వచ్చి పక్కన చేరాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో గుడ్డసంచి, దాని అడుగునుంచి నీళ్ళు కారి ఆయన పాదాల మీద పడుతున్నాయి.

“అదేంటి, సంచి తడిసింది?”

“ఏం లేదు.” సంచిని అటువైపు చేతికి మార్చుకున్నాడు. “నీకొక మాట చెప్పాలి.”

దుప్పటి విప్పి చూశాడా?

“పందెం అయ్యాక చెబుదురుగాని.”

“అయ్యాక కాదు...”

“తూకం సంగతేగా. మన మంచికే అనుకోండి.”

ఆయన ఆమెకేసి అదోలా చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో జెండా వాలింది.

“పొగరుబోతు మీద ఎవర్ని ఎక్కించారు?” అంది ఆమె, మాట మార్చడానికి.

“తూకం సరిపోయినవాళ్ళని.”

మొదటి కంచె దాటింది. రెండోదీ దాటింది. హెల్మెట్టు, కళ్ళద్దాలు, వాటి మీద బురద. అంత దూరం నుంచి రౌతు మొహం తెలియడం లేదు. దూకిన ప్రతిసారీ ముందుకు వంగి గుర్రం మెడ నిమరడం మాత్రం కనిపిస్తోంది.

“పగ్గం వదులు,” అని గొణుగుతున్నాడు భర్త. “బిగించకు. వదులు.”

ఆయన చెయ్యి ఆమె చేతిని నలిపేస్తోంది. పాపం, మనసంతా ఆ గుర్రం మీదే ఉంది అనుకుంది ఆమె. జాలేసింది. అయినా ఆయన కాళ్ళు నేల మీదున్నాయి, ఆమెకు అది చాలు.

“ఇక ఇంటిపట్టున ఉందురుగాని,” అంది మెల్లగా. ఆయనకు వినిపించినట్టు లేదు.

రెండో చుట్టులో నీటి కందకం వచ్చింది. పొగరుబోతు ఒక్క అడుగు తటపటాయించింది. ఆలస్యంగా లేచి, ఛాతీతో కంచెను గుద్దింది. రౌతు గుర్రం తల మీదుగా ఎగిరి నీళ్ళలో పడడం, వెనకే గుర్రం పడడం ఒక్కసారే జరిగాయి. గుర్రం లేచి దులుపుకుని వెళ్ళిపోయింది. రౌతు లేవలేదు.

“అయ్యో, ఎవరి కన్నబిడ్డో,” అంది ఆమె. ఆ వెంటనే, మా ఆయన కాదు, అంతే చాలు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడింది.

భర్త సంచి వదిలేసి కడ్డీ దూకాడు.

“ఆగండి, మీ మెడ! డాక్టర్లు వెళ్తున్నారుగా.”

ఆయన వెనక్కి చూడలేదు. కందకం వైపు పడుతూ లేస్తూ పరుగెత్తుతున్నాడు.

ఆమె వంగి సంచి అందుకుంది. మూతి విడిపోయి, తడిసిన పరుగు బూట్లు రెండు గడ్డిలో పడ్డాయి.

కుడిబూటుకు ఎర్రదారం కుట్టు ఉంది.